ఫుకువోకా రాత్రి బండ్లు

ప్రొద్దు వాలే వేళకు, జపాన్ నైరుతి కొసన ఉన్న ఫుకువోకా నగరంలో ఒక వింత ఊరేగింపు మొదలవుతుంది. సందుగొందులలోని కొట్టాల నుండి, వాహనాలు నిలిపే ఖాళీ స్థలాల నుండి చెక్కపెట్టెల వంటి బండ్లు ఒక్కొక్కటే బయలుదేరుతాయి. కొన్నింటిని మనుషులు తోస్తారు. కొన్నింటిని చిన్న మోటారు వాహనాలు లాగుతాయి. పెద్ద పెద్ద దుకాణాల ముందూ, నది ఒడ్డునా తమకు కేటాయించిన చోటికి చేరి అవి ఆగుతాయి. పెట్టె తలుపులు తెరుచుకుంటాయి. పైకప్పు రెక్కల వలె విచ్చుకుంటుంది. పొయ్యి, గంగాళం, సన్నని బల్ల, పదిమందికి మించని ఆసనాలు, గాలిని ఆపే గుడ్డ తెరలు ఒకదాని వెంట ఒకటి అమరుతాయి. చూస్తుండగానే కాలిబాట మీద ఒక భోజనశాల వెలుస్తుంది. తెల్లవారేసరికి ఆ చోట దాని ఆనవాలు కూడా మిగలదు.

ఈ బండిని జపనీయులు ‘యతాయ్’ అంటారు. జపాన్‌లో ఒకప్పుడు ప్రతి నగరంలోనూ ఇవి ఉండేవి. పరిశుభ్రత పేరిట, రద్దీ పేరిట ఒక్కొక్క నగరమే వీటిని వదిలించుకున్నది. నేడు ఇవి వందకు అటూ ఇటుగా ఒక్కచోట నిలిచి ఉన్నది ఫుకువోకాలోనే. ఇక్కడి బండ్ల మీద దొరికే వంటకాలలో కెల్లా పేరు మోసినది రామెన్. వేడి వేడి పులుసులో సన్నని గోధుమ సేవియలు, పైన మాంసపు ముక్కలు, ఉల్లికాడలు. ఇదీ దాని స్వరూపం. చూడటానికి ఇంతే అయినా, ఆ గిన్నెలో ఒక నగరపు చరిత్ర, ఒక యుద్ధపు ఆకలి, కష్టజీవుల తొందర, చట్టంతో ఒక సుదీర్ఘమైన పెనుగులాట కలిసి ఉన్నాయి.

రేవుపట్నం తెచ్చిన విద్య

ఫుకువోకా నిజానికి జంట నగరం. నకా నదికి ఒక ప్రక్క కోటను ఆశ్రయించిన యోధుల ఊరు ఫుకువోకా. రెండవ ప్రక్క వర్తకుల ఊరు హకత. 1889లో రెండూ ఒకే పురపాలక సంఘం క్రిందికి వచ్చి ఫుకువోకా పేరును స్వీకరించాయి. అయినా రైల్వే స్టేషనుకు మాత్రం నేటికీ హకత అనే పేరే నిలిచింది. కొరియాకు, చైనాకు ఎదురుగా ఉన్న ఈ రేవులోకి శతాబ్దాలుగా ఓడలు వస్తూనే ఉన్నాయి. వాటిలో సరుకులే గాక విద్యలూ వచ్చాయి. ఎన్ని అనే బౌద్ధ సన్యాసి సుంగ్ వంశీయుల కాలపు చైనాలో చదువుకొని 1241లో తిరిగివస్తూ, ధాన్యాన్ని మెత్తగా పిండి చేసే మరల పరిజ్ఞానాన్ని వెంట తెచ్చాడని ప్రతీతి. హకతలోని జోతెన్‌జి ఆలయ ప్రాంగణంలో, ఉదోన్, సోబా అనే సేవియల జన్మస్థలం ఇదేనని చాటే శిలాఫలకం నేటికీ ఉన్నది.

రామెన్ మాత్రం అంత పురాతనమైనది కాదు. జపాన్ తన తలుపులు తెరచిన పిమ్మట యొకొహామా వంటి రేవులలో స్థిరపడిన చైనీయుల వంటశాలలలో దాని మూలాలు ఉన్నాయి. 1910లో టోక్యోలోని అసకుసలో ‘రాయ్‌రాయ్‌కెన్’ అనే దుకాణం వెలసింది. దాని స్థాపకుడు ఒజాకి కన్ఇచి ఒకప్పుడు సుంకాల శాఖ ఉద్యోగి. యొకొహామా చైనీయుల పేట నుండి వంటవారిని రప్పించి, చౌకధరకు చైనా సేవియలు పెట్టి సామాన్యులను ఆకర్షించాడు. ఆ రోజులలో ఈ వంటకాన్ని చైనా సోబా అనే అర్థం వచ్చే పేర్లతో పిలిచేవారు. ‘రామెన్’ అనే మాట జనంలో స్థిరపడటానికి యుద్ధానంతర కాలం రావలసి వచ్చింది.

సేవియల పిండిలో కొద్దిగా క్షార లవణాలు కలుపుతారు. ‘కాన్సుయ్’ అనే ఈ పదార్థం వల్లనే వాటికి లేత పసుపు ఛాయ, సాగే గుణం, నోటిలో తెలిసే బిగువు వస్తాయి. గుడ్డు కలిపినందువల్ల ఆ రంగు వచ్చిందని చాలామంది భ్రమపడతారు. ఉదోన్‌కూ రామెన్‌కూ అసలు భేదం ఈ చిటికెడు క్షారంలోనే ఉన్నది.

పొరపాటున మరిగిన గంగాళం

ఫుకువోకాకు దక్షిణంగా నలభై కిలోమీటర్ల లోపున కురుమె అనే పట్టణం ఉన్నది. 1937లో అక్కడ మియమొతొ తొకియొ అనే ఆయన ‘నాన్‌కిన్ సెన్‌ర్యో’ పేరుతో ఒక బండి పెట్టాడు. ఆయన నాగసాకి ప్రాంతపు షిమబరకు చెందినవాడు. నాగసాకి చైనీయుల వంటకమైన చాంపోన్ ఆయనకు చిరపరిచితం. యొకొహామా వైపు ప్రచారంలోకి వచ్చిన చైనా సేవియల మాటా ఆయన చెవిని పడింది. రెండింటినీ సమన్వయించి పంది ఎముకల పులుసు కాచాడు. నేడు ‘తొంకొత్సు రామెన్’గా లోకప్రసిద్ధమైనదానికి అదే ఆది. తొంకొత్సు అంటే పంది ఎముక అనే అర్థం.

అయితే ఆనాటి పులుసు తేటగా ఉండేదట. ఇప్పటి పాలవంటి తెలుపు 1947లో కురుమెలోనే ‘సాన్‌క్యూ’ అనే మరొక బండి వద్ద సిద్ధించిందని చెబుతారు. యజమాని పనిమీద బయటికి వెళ్తూ గంగాళాన్ని తల్లికి అప్పగించాడు. ఆయన తిరిగివచ్చేసరికి పులుసు పెళపెళ మరిగి తెల్లగా విరిగినట్లు కనిపించింది. పారబోయటానికి మనసొప్పక రుచి చూస్తే అమోఘంగా ఉన్నది. కథలో ఎంత పాలు నిజమైనా, దాని వెనుక ఉన్న శాస్త్రం నిజం. ఎముకలు తీవ్రమైన మంట మీద గంటల తరబడి మరిగినప్పుడు వాటిలోని కొల్లాజెన్ జిలెటిన్‌గా మారుతుంది. కొవ్వు సూక్ష్మబిందువులై నీటితో కలిసిపోతుంది. ఆ మిశ్రమమే తెల్లని చిక్కదనం. సన్నని సెగ మీద కాచితే పులుసు తేటగానే నిలుస్తుంది.

బూడిద మీద వెలసిన పొయ్యిలు

1945 జూన్ 19 రాత్రి అమెరికన్ విమానాలు ఫుకువోకా మీద నిప్పుల వాన కురిపించాయి. నగరం నడిబొడ్డు బూడిద అయింది. రెండు నెలల్లో యుద్ధం ముగిసింది గాని ఆకలి ముగియలేదు. మంచూరియా, కొరియా, చైనాల నుండి జపనీయులు ఓడలకెక్కి తరలివచ్చారు. ఒక్క హకత రేవులోనే పదమూడు లక్షల పైచిలుకు జనం దిగారు. ఇల్లు లేదు, పని లేదు. చేతిలో ఉన్నదల్లా పరాయిదేశంలో నేర్చుకున్న వంట. కోటి విద్యలు కూటి కొరకే అన్నట్లు, నాలుగు చెక్కలూ రెండు చక్రాలూ సంపాదించగలిగినవాడు బండి పెట్టాడు. శిథిలాల నడుమ పొయ్యిలు వెలిగాయి.

బియ్యం కరువైన ఆ కాలంలో అమెరికా గోధుమ జపాన్‌కు చేరింది. ఆక్రమణ సైన్యాల హయాంలో సహాయంగా మొదలైన ఈ రాక, 1954 నాటి అమెరికన్ చట్టం పి.ఎల్. 480 క్రింద 1950ల మధ్య నుండి ఒప్పందాలుగా కొనసాగింది. పి.ఎల్. 480 అనే మాట భారతీయులకు కొత్తది కాదు. 1956 తరువాత అదే చట్టం క్రింద వచ్చిన గోధుమలను చౌకడిపోల ముందు వరుసలలో నిలబడి తెచ్చుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉన్నది. అన్నం తినే రెండు జాతుల వంటిళ్లలోకి ఒకే ధాన్యం ఒకే దారిన ప్రవేశించింది. జపాన్‌లో అది రొట్టెగానూ రామెన్‌గానూ స్థిరపడింది. అంగడిలో రామెన్ కోసం బారులు తీరిన జనాన్ని ఒసాకాలో చూసిన అందొ మొమొఫుకు అనే తైవాన్ సంజాతుడు, 1958లో వేడినీటితో క్షణాలలో సిద్ధమయ్యే రామెన్‌ను కనిపెట్టాడు. భారతదేశంలో నేడు కిరాణా కొట్లలో దొరికే సేవియల పొట్లాలకు అదే పూర్వరూపం.

ఆకలి రుచి ఎరుగదంటారు. ఫుకువోకాలో మాత్రం ఆకలే రుచిని వెదికింది. మాంసం కొనలేనివారికి ఎముకలు చౌక. వాటి నుండి పిండగలిగినంత సారం పిండి గిన్నెలో పోశారు.

తొందర నేర్పిన పద్ధతి

1955లో నగరపు చేపల విపణి సముద్రతీరపు నగహమకు తరలివచ్చింది. దాని వెంట బండ్లూ వచ్చాయి. అక్కడి కూలీలకు, దళారులకు వేలంపాట మొదలయ్యేలోగా తిని పోవాలి. లావు సేవియలు ఉడకటానికి నిమిషాలు పడుతుంది. వారికి అంత తీరిక లేదు. అందుచేత సేవియలను సన్నగా, తిన్నగా, తక్కువ నీటితో కలిపిన పిండితో చేశారు. అవి నిమిషం లోపలే ఉడుకుతాయి. కాని సన్నని సేవియలకు ఒక లోపం ఉన్నది. వేడి పులుసులో కాసేపుంటే మెత్తబడి సారం కోల్పోతాయి. కాబట్టి గిన్నెలో కొద్దిగానే వేసి, ఇంకా కావలసినవారికి మిగిలిన పులుసులో మరొక పిడికెడు ఉడికించి వేయటం ఆచారమైంది. దీనినే ‘కయెదమ’ అంటారు.

ఉడుకు కూడా తినేవాని ఇష్టం. గట్టిగా కావాలంటే ‘కత’. మరింత గట్టిగా అయితే ‘బరికత’. ఆపైన ఇనుప తీగ అనే అర్థం వచ్చే ‘హరిగనె’. అన్నింటికన్నా మించి, పిండి దులిపినంత సేపు మాత్రమే నీటిలో ముంచే ‘కొన ఒతొషి’. నేడు న్యూయార్కులోనూ లండనులోనూ రామెన్ శాలలలో కూర్చున్నవారు పలికే ఈ మాటలు చేపల బుట్టలు మోసినవారి తొందర నుండి పుట్టాయి. ఆ నగరాలలో శాఖలు తెరచిన ఇప్పుదొ అనే సంస్థ కూడా ఫుకువోకాలో 1985లో ఒక చిన్న దుకాణంగా మొదలైనదే.

బల్ల ముందు

యతాయ్‌లో భోజనం ఎలా ఉంటుంది? తెర తొలగించి లోపలికి వంగగానే వంటవాడు ‘ఇరష్షాయ్’ అని గొంతెత్తి స్వాగతం పలుకుతాడు. ఖాళీ లేకపోతే అప్పటికే కూర్చున్నవారు తామై జరిగి చోటిస్తారు. భుజం భుజం ఒరుసుకుంటూ కూర్చోవలసిందే. ఒక ప్రక్క కంపెనీ అధికారి, మరొక ప్రక్క టాక్సీ డ్రైవరు, ఎదుట కొరియా నుండి వచ్చిన విద్యార్థులు ఉండవచ్చు. జపాన్‌లో పరిచయం లేనివారు పలకరించుకోవటం అరుదు. ఈ బల్ల ముందు మాత్రం ఆ నియమం సడలుతుంది.

గిన్నె వస్తుంది. అడుగున సోయా సాస్‌తో చేసిన గాఢమైన మసాలా, దాని మీద తెల్లని పులుసు, అందులో సేవియలు. పైన చాషు అనే పంది మాంసపు పలుచని ముక్కలు, ఉల్లికాడలు, చెవి ఆకారపు నల్ల పుట్టగొడుగు తురుము. ఎర్రని అల్లపు ఊరగాయ, నువ్వులు, కారం కలిపిన ఆవజాతి ఆకుల పచ్చడి బల్ల మీదనే ఉంటాయి; ఎవరికి వారు వేసుకోవచ్చు. అల్లం, నువ్వులు, ఆవ, కారం అన్నీ ఉన్న ఆ బల్ల తెలుగు యాత్రికునికి పూర్తిగా పరాయిది అనిపించదు. ‘ఇతదాకిమస్’ అని చేతులు జోడించి తినటం మొదలుపెడతారు. సేవియలను చప్పుడు చేస్తూ జుర్రటం అక్కడ అమర్యాద కాదు. గాలితో కలిసి లోనికి పోయినప్పుడు వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకు అందుతుంది. తినటం ముగిశాక ‘గొచిసొసమ’ అని చెప్పి, డబ్బు చెల్లించి, వేచి ఉన్నవారికి చోటు వదలాలి. బక్షీసు ఇచ్చే ఆచారం లేదు.

శాకాహారులు ఒక విషయం గమనించాలి. మాంసపు ముక్కలు తీసివేయమని కోరినా పులుసు మొత్తం ఎముకలదే. ఇటీవలి సంవత్సరాలలో పెద్ద నగరాలలో కూరగాయల పులుసుతో రామెన్ పెట్టే శాలలు వెలిశాయి గాని, తొంకొత్సు బండి వద్ద ఆ ఆశ పెట్టుకోరాదు.

ఒక తరంతో సరి

1960లలో ఫుకువోకాలో నాలుగు వందలకు పైగా యతాయ్‌లు ఉండేవి. ఆ తరువాత వాటి సంఖ్య ఏటేటా తరిగింది. ఇరుగుపొరుగువారి ఫిర్యాదులు ఊహించి చెప్పినవి కావు. మురుగు నీరు కాలువలలోకి పోయేది. జిడ్డూ దుర్వాసనా మిగిలేవి. కాలిబాటను బండి ఆక్రమిస్తే నడిచేవారు రోడ్డు మీదికి దిగవలసి వచ్చేది. ధరలు రాసిపెట్టని బండ్లలో కొత్తవారి వద్ద ఎక్కువ వసూలు చేస్తారన్న అపకీర్తి కూడా ఉన్నది. 1990ల మధ్యలో పోలీసు శాఖ ఒక విధానం ప్రకటించింది. ఇప్పుడున్న యజమానులతోనే యతాయ్ సరి. కొత్తవారికి అనుమతి లేదు. ఆ పిమ్మట నగరపాలక సంస్థ చేసిన నిబంధనలు, ఈ వృత్తి మీదనే బ్రతుకుతున్న భార్యాభర్తలకు, కన్నబిడ్డలకు మాత్రం మినహాయింపు నిచ్చాయి.

ఆ మాటకు అర్థం స్పష్టం. ఎవరూ బండ్లను పడగొట్టలేదు. ముసలివాళ్లు చనిపోయే దాకా ఆగితే చాలు. తండ్రి రెక్కల కష్టం చూసిన కొడుకు కార్యాలయంలో ఉద్యోగం వెదుక్కున్నాడు. పనిలో ఆరితేరిన శిష్యుడు ఉన్నా, రక్తసంబంధం లేనందున బండి అతనికి దక్కదు. 2010 దాటేసరికి సుమారు నూట యాభై బండ్లు మిగిలాయి. చేపల కూలీల ఆకలి తీర్చిన నగహమ వరుసలో కాలక్రమాన వ్రేళ్ల మీద లెక్కించదగినన్ని కూడా నిలవలేదు.

అప్పుడు నగరం పునరాలోచనలో పడింది. 2013లో ఫుకువోకా నగరపాలక సంస్థ యతాయ్‌ల కోసమే ప్రత్యేకంగా ఒక శాసనం చేసింది. జపాన్‌లో మరే నగరమూ అటువంటి సాహసం చేయలేదు. శాసనం బండిని నగరపు సంపదగా గుర్తించింది; బదులుగా క్రమశిక్షణ కోరింది. సాయంత్రం ఐదు నుండి తెల్లవారుజామున నాలుగు వరకే వ్యాపారం. నిర్ణయించిన కొలతలు దాటరాదు. పచ్చి చేప వంటి వండని పదార్థాలు వడ్డించరాదు. ధరల పట్టిక కనబడాలి. అనుమతి పొందినవారు స్వయంగా నడపాలి. 2016లో మొదటిసారిగా బహిరంగ ప్రకటనతో కొత్తవారి నుండి దరఖాస్తులు కోరారు. ఉన్న స్థలాల కన్నా ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. 2017లో కొత్త బండ్లు వీధికెక్కాయి. వాటిలో ఫ్రాన్సు దేశస్థుడు ఒకడు తన దేశపు వంటలతో పెట్టిన బండి కూడా ఉన్నది. 2023లో నగహమలోనూ ఈ విధంగానే కొత్తవారు వచ్చి వరుసకు తిరిగి ప్రాణం పోశారు.

ఈ మేలుకు మూల్యం లేకపోలేదు. వేరొకరి పేరున ఉన్న అనుమతితో ఏళ్ల తరబడి బండి నడిపినవారు, గడువు తీరగానే తప్పుకోవలసి వచ్చింది. వారిలో తెల్లవార్లూ నిలబడి వండిన నిజమైన పనివారూ ఉన్నారు. పోటీలో నెగ్గి తిరిగివచ్చినవారు కొందరు, రాలేకపోయినవారు కొందరు. చట్టం బండిని కాపాడింది గాని, బండివారందరినీ కాపాడలేకపోయింది.

బజారు బెడద వేరుగా ఉన్నది. రామెన్ సామాన్యుని భోజనం గనుక గిన్నె ధర వెయ్యి యెన్లు దాటితే జనం సహించరని జపాన్‌లో చిరకాలపు నమ్మకం. దీనికి ‘వెయ్యి యెన్ల గోడ’ అని పేరు. గోధుమ, ఎముక, గ్యాసు, కూలి అన్నీ పెరిగాయి. గోడ మాత్రం సులభంగా కదలలేదు. 2024లో దేశవ్యాప్తంగా దివాలా తీసిన రామెన్ దుకాణాలు అంతకుముందెన్నడూ లేనన్ని అని ఒక వ్యాపార పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ గోడకు ఇవతల వినియోగదారుడు, అవతల వంటవాడు. ఇద్దరూ బీదవారే అయినప్పుడు గోడ ఎవరి మీద పడుతుందన్నదే ప్రశ్న.

మన వీధులకు ఒక మాట

ఇడ్లీ బండి, మిరపకాయ బజ్జీల బండి, పునుగుల బండి లేని ఊరు తెలుగునాట లేదు. రాత్రి షిఫ్టు దిగిన కార్మికునికి, స్టేషనులో దిగిన బాటసారికి అవే అన్నపూర్ణలు. వాటి మీది ఫిర్యాదులూ ఫుకువోకాలో వినిపించినవే: కాలిబాట, మురుగు, రద్దీ. 2014లో భారత పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు ఒక చట్టం చేసింది. పట్టణ వ్యాపార సంఘాలలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఎన్నికై ఉండాలనీ, వ్యాపారి మరణిస్తే భార్యకో భర్తకో ఆధారపడిన బిడ్డకో హక్కు దక్కాలనీ అది చెబుతుంది. ఫుకువోకా అనుభవం దీనికి ఒక మాట జోడిస్తుంది. హక్కు కుటుంబంతోనే ఆగిపోతే, ఆ వృత్తి కుటుంబంతోనే అంతరించే ప్రమాదం ఉన్నది. పని నేర్చినవాడికి, బయటివాడికి కూడా దారి తెరచి ఉంచాలి. నీరు, కరెంటు, మురుగు వసతి కల్పించి, ఆపైన శుభ్రత కోరాలి.

పంది ఎముకల పులుసు చైనీయుల నుండి వచ్చింది. గోధుమ అమెరికా నుండి వచ్చింది. వండిన చేతులు యుద్ధంలో సర్వం కోల్పోయి ఓడ దిగినవి. ఇన్ని పరాయి వస్తువులతో ఫుకువోకా తనదైన రుచిని తయారు చేసుకోగలిగిందంటే, ఆనాడు ఆ బూడిద మీద ఎవరు పొయ్యి పెట్టినా కాదనే శక్తి ఎవరికీ లేకపోవటమే కారణం. సంపన్నమైన పిమ్మట ఆ నగరం ఆ చోటును దాదాపు మూసివేసి, తరువాత తెలివి తెచ్చుకొని, కొలిచి, గీత గీసి, తిరిగి ఇచ్చింది. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. ఒక నగరం తన సామాన్యుల కోసం కాలిబాట మీద వదిలిన జాగా ఇంతే. పదిమంది అపరిచితులు ప్రక్క ప్రక్కన కూర్చొని వేడిగా తినటానికి అది చాలుతున్నది.